క్షణకాలపు వేగము

ఒక రైలుబండి రెండు పట్టణముల నడుమ గల 200 కిలోమీటర్ల దూరమును 4 గంటలలో దాటినచో, దాని వేగము గంటకు 50 కిలోమీటర్లని చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని ఆ బండి దారి పొడవునను ఆ వేగముతోనే నడచినదని దాని అర్థము కాదు. స్టేషనులో నిలిచియున్నపుడు దానికి వేగమే లేదు. స్టేషను విడిచిన వెంటనే అది మెల్లగా కదలియుండును. మైదానమున వడిగా పరుగెత్తియుండును. దారిలో ఒక పశువు పట్టాలకు అడ్డము వచ్చినచో, బండి నడపువానికి కావలసినది నాలుగు గంటల సగటు వేగము కాదు. ఆ క్షణమున బండి ఎంత వేగముతో పోవుచున్నదో అదియే కావలెను. బండి ఆగునో, ఆగదో నిర్ణయించునది ఆ వేగమే.

అయితే ఒక క్షణమున వేగము అనగా ఏమి? వేగమును కనుగొనుటకు దూరమును కాలముచే భాగింపవలెను. క్షణమనగా కాలమునందలి ఒక బిందువు. దానిలో గడచు కాలము సున్న. సున్న కాలములో బండి కదలు దూరమును సున్నయే. సున్నను సున్నచే భాగించిన ఏమి వచ్చునో అంకగణితము చెప్పజాలదు. చూచుటకు చిన్నదిగా కనబడు ఈ ప్రశ్నకు అందరును ఒప్పుకొనదగిన సమాధానము దొరకుటకు రెండువేల సంవత్సరములకు పైగా పట్టినది.

క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దమున జీనో అను గ్రీకు తత్త్వవేత్త ఈ చిక్కునే ఒక బాణము ద్వారా చూపెను. ఎగురుచున్న బాణము ఏ ఒక్క క్షణమునందైనను తన పొడవునకు సరిపడు చోటినే ఆక్రమించియుండును. ఆ క్షణమున అది కదలుట లేదు. ప్రతి క్షణమునందును కదలనిది మొత్తముమీద ఎట్లు కదలును? కావున చలనమే భ్రాంతియని అతని వాదము. ఈ వాదమును నమ్మి బాణమున కెదురుగా నిలువగల వాడెవ్వడును లేడు. ఐనను అందలి తప్పు ఎచ్చట నున్నదో చూపుట మాత్రము పండితులకు తేలిక కాలేదు.

భారతదేశమున ఈ ప్రశ్న జ్యోతిర్గణితములో ఎదురైనది. చంద్రుడు నక్షత్రముల నడుమ ప్రతిదినమును ఒకే దూరము నడువడు. అతని గతి ఎడతెగక మారుచుండును. తిథి ఏ ఘడియకు ముగియునో చెప్పవలసిన గణకునకు, నిన్నటి స్థానమునకును నేటి స్థానమునకును గల భేదమువలన తెలియు దినగతి స్థూలమైనది మాత్రమే. 1114లో జన్మించిన భాస్కరాచార్యుడు 1150లో రచించిన ‘సిద్ధాంతశిరోమణి’ యందు ఈ స్థూలగతిని వేరుగను, ఆయా సమయమునకు చెందిన ‘తాత్కాలిక గతి’ని వేరుగను చెప్పెను. చంద్రుని వంటి వడిగల గ్రహము విషయమున ఈ రెండవదాని అక్కర ఎక్కువయని ఆయన గుర్తించెను. ఆకాశమున తిరుగు గ్రహములకు ఇట్లు పనికివచ్చిన ఆలోచన నేలపై పడు రాతికిని వర్తించు శాస్త్రముగా పెరిగినది మాత్రము తరువాతి కాలమున, ఐరోపా ఖండమున.

ఆ శాస్త్రమునకు పునాది వేసినవాడు ఇటలీ దేశీయుడగు గెలీలియో. ఆయన 1564లో పీసా నగరమున జన్మించెను. బరువైన వస్తువు తేలికైన వస్తువుకంటె వేగముగా నేలకు పడునని అరిస్టాటిల్ చెప్పిన మాటను అప్పటి విద్యాలయములలో ప్రమాణముగా బోధించుచుండిరి. గెలీలియో పీసాలోని ఒరిగిన గోపురము పైనుండి గుండ్లను పడవేసి ఆ మాట తప్పని అందరి యెదుట నిరూపించెనను కథ ప్రసిద్ధమైనది. ఆ కథను వ్రాసినవాడు ఆయన శిష్యుడు వివియాని. గెలీలియో స్వయముగా వ్రాసిన గ్రంథములలో అట్టి ప్రదర్శన కానరాదు. కథ నిజమైనను కాకున్నను, గోపురము ఆయన పరిశోధనకు అంతగా ఉపకరించునది కాదు. అంత ఎత్తునుండి పడు గుండు మూడు సెకనులకు కొంచెము మించిన కాలములో నేలను తాకును. ఆనాటి గడియారములు సెకనులో భాగములను కొలుచుటకు పనికిరావు. ఏ వస్తువు ముందు పడినదో గోపురమువలన తెలియవచ్చును గాని, పడుచున్నంతసేపును దాని వేగము ఎట్లు మారినదో తెలియదు.

అందుచే గెలీలియో పతనమునే మెల్లగా జరుగునట్లు చేసెను. సుమారు 12 మూరల పొడవు గల దూలమును తీసికొని, దాని అంచున వ్రేలి వెడల్పున ఒక తిన్నని గాడి తొలిపించెను. గాడిని నునుపు చేయించి, లోపల నున్నని తోలుకాగితమును అతికించెను. దూలమును ఒక ప్రక్క కొంచెము ఎత్తి, ఆ గాడిలో గుండ్రని కంచు గోళమును దొర్లించెను. కాలమును కొలుచుటకు ఆయన చేసిన ఏర్పాటు మెచ్చదగినది. ఎత్తున ఒక పెద్ద నీటిపాత్ర నుంచి, దాని అడుగున సన్నని గొట్టము నమర్చెను. గోళము దొర్లుచున్నంతసేపు ఆ గొట్టమునుండి కారిన నీటిని చిన్న గిన్నెలో పట్టి త్రాసులో తూచెను. నీటి బరువుల నిష్పత్తియే కాలముల నిష్పత్తి. ఈ పరీక్షను నూరు మారులు చేసితినని ఆయన వ్రాసెను.

ఫలితము ఇది. మొదటి విరామకాలములో గోళము ఒక పాలు దూరము నడచినచో, అంతే కాలము గల రెండవ విరామములో 3 పాళ్ళు, మూడవ దానిలో 5 పాళ్ళు, నాలుగవ దానిలో 7 పాళ్ళు నడచును. బేసి సంఖ్యలు వరుసగా వచ్చుచున్నవి. వీనిని మొదటినుండి కూడుచు పోయినచో 1, 4, 9, 16 అను మొత్తములు వచ్చును. ఇవి 1, 2, 3, 4 అను సంఖ్యల వర్గములు. అనగా పడిన దూరము కాలవర్గమును అనుసరించును. కాలము రెట్టింపైన దూరము నాలుగు రెట్లగును. వాలు ఎంత మార్చినను నిష్పత్తి మారలేదు. గాలి అడ్డము లేనిచో వస్తువుల బరువును బట్టియు ఇది మారదని గెలీలియో తేల్చెను. 1971 ఆగస్టు 2వ తేదీన డేవిడ్ స్కాట్ అను అమెరికా వ్యోమగామి చంద్రునిపై నిలిచి ఒక సుత్తిని, ఒక డేగ ఈకను ఒకేసారి జారవిడిచెను. గాలి లేని ఆ నేలపై రెండును కలిసియే పడినవి.

గెలీలియో సత్యమును ఒక్క అంగలో చేరలేదు. 1604లో ఒక మిత్రునకు వ్రాసిన లేఖలో ఆయన, పడు వస్తువు వేగము అది పడిన దూరమును బట్టి పెరుగునని తలచెను. ఇది వినుటకు సబబుగానే యుండును. కాని అట్లైనచో చిక్కు ఎట్టిదో చూడుడు. ఒక మీటరు నుండి రెండు మీటర్ల వరకు పడుటకు కొంత కాలము పట్టును. అర మీటరు నుండి ఒక మీటరు వరకు గల దూరము దానిలో సగము. అక్కడ వేగములును సగమే. కావున అంతే కాలము పట్టవలెను. పావు మీటరు నుండి అర మీటరు వరకును అంతే కాలము. ఇట్లు వెనుకకు పోయినకొలది సగములకు అంతములేదు. ప్రతి సగమునకును అంతే కాలము. అట్టి వస్తువు ఇంతవరకు వచ్చుటకు అనంతమైన కాలము పట్టియుండవలెను. అనగా అది ఎన్నడును పడ మొదలిడియే యుండదు! గెలీలియో తరువాత తన తప్పును దిద్దుకొని, వేగము పెరుగునది దూరమును బట్టి కాదు, కాలమును బట్టి యని స్థాపించెను. భూమి తిరుగుచున్నదను సిద్ధాంతమును సమర్థించినందుకు 1633లో మతాధికారులు ఆయనను శిక్షించి గృహనిర్బంధమున నుంచిరి. ఈ పరిశోధనలన్నియు గల గ్రంథము 1638లో హాలెండు దేశమునందలి లైడెన్ నగరమున అచ్చుపడినది. అది చేతికి వచ్చునాటికి ఆయనకు చూపు పోయియుండెను.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. గాలి అడ్డు లేనిచో భూమిపై జారవిడిచిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడును. కాలవర్గ నియమము ప్రకారము 2 సెకనులలో 19.6 మీటర్లు పడును. సరిగా ఒక సెకను ముగిసిన క్షణమున దాని వేగమెంత?

ఒకటవ సెకను చివరనుండి రెండవ సెకను చివర వరకు రాయి 14.7 మీటర్లు పడినది. కావున ఆ వ్యవధిలో సగటు వేగము సెకనుకు 14.7 మీటర్లు. కాని ఈ కాలములో రాయి వేగము చాల పెరిగినది. ఈ సగటు ఆ క్షణమునకు చెందినది కాదు. వ్యవధిని పదవవంతునకు తగ్గించి, 1 నుండి 1.1 సెకను వరకు మాత్రమే చూచినచో సగటు వేగము 10.29 మీటర్లు. నూరవవంతునకు తగ్గించినచో 9.849. వేయవవంతునకు తగ్గించినచో 9.8049. సంఖ్యలు ఎచ్చటికి పోవుచున్నవో చెప్పుటకు గొప్ప గణితము తెలియనక్కరలేదు. అవి 9.8ని సమీపించుచున్నవి.

ఇట్లు ఒక్కొక్క వ్యవధికిని వేరుగా లెక్కింపక, ఆ చిన్న కాలమును ‘క’ అను అక్షరముచే గుర్తింపవచ్చును. ఒక సెకను తరువాత ‘క’ సెకనులలో రాయి పడు దూరము రెండు భాగములుగా వచ్చును: 9.8ని ‘క’ చే గుణించిన భాగమొకటి, 4.9ని ‘క’ వర్గముచే గుణించిన భాగమొకటి. ఈ మొత్తమును ‘క’ చే భాగించినచో 9.8 మిగులును, దానితోపాటు 4.9ని ‘క’ చే గుణించిన చిన్న భాగము మిగులును. వ్యవధి తగ్గినకొలది ఈ రెండవ భాగము తగ్గిపోవును. మొదటిది మాత్రము చెక్కుచెదరదు. క్షణవేగము సెకనుకు 9.8 మీటర్లు. ఇదే విధముగా రెండు సెకనులు ముగిసినపుడు 19.6 మీటర్లు, మూడు ముగిసినపుడు 29.4 మీటర్లు వచ్చును. ప్రతి సెకనుకును వేగము 9.8 మీటర్ల చొప్పున పెరుగుచున్నది. వేగము పెరుగు ఈ రేటునకే త్వరణమని పేరు.

రాతికి మాత్రమే కాక ఎట్లు మారు రాశికైనను ఇట్లు లెక్కకట్టు పద్ధతిని ఏర్పరచినవారు ఇంగ్లండు దేశీయుడగు న్యూటన్, జర్మను దేశీయుడగు లైబ్నిట్జ్. 1665లో ఇంగ్లండున మహామారి ప్రబలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము మూతపడగా, న్యూటన్ తన స్వగ్రామమగు వూల్స్‌థార్ప్ చేరెను. ఇరువదిమూడేండ్లు నిండని ఆ యువకుడు అక్కడి పల్లె యింట కూర్చుండి, రాశులన్నియు నీటివలె ప్రవహించుచున్నవని భావించి, వాని ప్రవాహవేగములను కనుగొను నియమములను కూర్చెను. కాని వానిని చిరకాలము ప్రకటింపలేదు. లైబ్నిట్జ్ స్వతంత్రముగా అదే పద్ధతిని కనుగొని 1684లో ప్రకటించెను. ఎవరు ముందు అనుదానిపై ఇరుపక్షములవారును చేసిన కలహము విద్వాంసులకు తగినది కాదు. నేటి విద్యార్థులు కలనగణితమున వ్రాయు గుర్తులు చాలవరకు లైబ్నిట్జ్ ఏర్పరచినవే.

ఈ పద్ధతివలన వచ్చిన లెక్కలు ఆకాశముతోను నేలతోను సరిపోవుచుండెను. ఐనను దాని పునాదిలో ఒక లోపము గలదని 1734లో బర్క్‌లీ అను ఐర్లండు మతాచార్యుడు ఎత్తిచూపెను. ఆయన ఆక్షేపణ సూటియైనది. ‘క’ చే భాగించునపుడు అది సున్న కాదని అనుకొనుచున్నారు. సున్నచే భాగింపరాదు గదా. భాగహారము ముగిసిన వెంటనే అది సున్నయని చెప్పి మిగిలిన భాగమును కొట్టివేయుచున్నారు. ఒకే వస్తువు ఒక పంక్తిలో సున్న కాక, మరుసటి పంక్తిలో సున్న ఎట్లగును? బర్క్‌లీ గణితమునకు శత్రువని తలచి కోపించినవారు కలరు. కాని ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. దానికి సరియైన బదులు చెప్పుటకు దాదాపు నూరేండ్లు పట్టినది.

1821లో ఫ్రెంచి గణితజ్ఞుడు కోషీ ప్రకటించిన గ్రంథమున ఆ బదులునకు దారి యేర్పడినది. ‘క’ ను ఎన్నడును సున్న చేయనక్కరలేదు. సగటు వేగములు ఏ సంఖ్యకు కోరినంత దగ్గరగా రాగలవో ఆ సంఖ్యను అడిగిన చాలును. 9.8కి వేయవవంతు కంటె దగ్గరగా రావలెనన్నచో ‘క’ ను 0.0002 సెకనుగా తీసికొనవచ్చును. ఇంకను దగ్గరగా రావలెనన్నచో ఇంకను తగ్గింపవచ్చును. ఎంత దగ్గర కోరినను తగిన వ్యవధి దొరకును, 9.8 కాక వేరొక సంఖ్యకు ఈ గుణము లేదు. ఆ సంఖ్యకు అవధి యని పేరు. క్షణవేగమనగా ఈ అవధియే. సున్నను సున్నచే భాగించు పని తప్పిపోయినది. జీనో బాణమునకును ఇదే సమాధానము. బాణము ఒక్క క్షణమున ఉన్న చోటిని మాత్రమే చూచినవానికి దాని వేగము తెలియదు. ఆ క్షణమునకు ముందువెనుకల అది ఎచ్చట నున్నదో కూడ చూచినపుడే వేగమను మాటకు అర్థము కలుగును.

స్థానము నుండి వేగమును రాబట్టు ఈ పనికి అవకలనమని పేరు. దీనిని త్రిప్పి చేయుటయు గలదు. ప్రతి క్షణమునందలి వేగము తెలిసినచో, నడచిన దూరము కనుగొనవచ్చును. కాలమును సన్నని తునకలుగా కోసి, ఒక్కొక్క తునకలో వేగము మారలేదని భావించి, వేగమును కాలముచే గుణించి అన్నిటిని కూడవలెను. తునకలు సన్నబడినకొలది మొత్తము నిజమైన దూరమును సమీపించును. పడు రాతి వేగము రెండు సెకనులలో సున్నమొదలు 19.6 వరకు సమముగా పెరిగినది. దానిని గీతగా గీసినచో త్రిభుజమేర్పడును. ఆ త్రిభుజపు వైశాల్యము 2ను 19.6చే గుణించి సగము చేసినంత, అనగా 19.6. రాయి పడిన దూరమును అదియే. ఈ కూడికకు సమాకలనమని పేరు.

వస్తువుపై పనిచేయు బలమును దాని ద్రవ్యరాశిచే భాగించిన త్వరణము వచ్చునను నియమమును న్యూటన్ 1687లో ప్రకటించిన తన మహాగ్రంథమున స్థాపించెను. ఇక దారి పూర్తియైనది. బలమునుండి త్వరణము తెలియును. త్వరణములను కూడిన వేగము తెలియును. వేగములను కూడిన స్థానము తెలియును. కళాశాలలో భౌతికశాస్త్రము చదువ మొదలిడు విద్యార్థి మొదటి సంవత్సరమున నేర్చునది ముఖ్యముగా ఈ దారినే.

ఈ దారిలో ఎంత జాగ్రత్తగా నడువవలెనో భారతదేశపు చంద్రయాత్రలు తెలిపినవి. 2019 సెప్టెంబరు 7వ తేదీన చంద్రయాన్-2 నుండి విడివడిన విక్రమ్ అను నౌక చంద్రునిపై దిగ యత్నించెను. చంద్రునికి గాలిపొర లేదు; కావున పారాచూటు పనిచేయదు. ఇంజనులను ఎదురుదిక్కున మండించియే వేగమును తగ్గింపవలెను. ఇంధనము మండినకొలది నౌక ద్రవ్యరాశి తగ్గుచుండును. కావున ఇంజను బలము మారకున్నను త్వరణము క్షణక్షణమును మారును. నౌక వేగమును, ఎత్తును దానిలోని యంత్రములే త్వరణములను కొలిచి, కూడి, తెలిసికొనుచుండవలెను. భూమిపైనుండి చెప్పుచు నడుపుటకు వ్యవధి యుండదు. మొదటి దశలో 30 కిలోమీటర్ల ఎత్తునుండి 7.4 కిలోమీటర్ల ఎత్తు వరకు అంతయు సక్రమముగానే జరిగినది. వేగము సెకనుకు 1683 మీటర్ల నుండి 146 మీటర్లకు తగ్గినది. రెండవ దశలో వేగము అనుకొన్నదానికంటె ఎక్కువగా తగ్గిపోయినది. ఎక్కువ తగ్గుట మేలే కదా యని తోచవచ్చును. కాని తరువాతి దశ ఏ ఎత్తున, ఏ వేగముతో మొదలుకావలెనని లెక్కించిరో ఆ హద్దులను నౌక దాటిపోయెను. చేరవలసిన చోటికి 500 మీటర్ల లోపలనే అది గట్టిగా నేలను ఢీకొనెను.

శాస్త్రజ్ఞులు లోపములను సవరించి, నౌక కాళ్ళను బలపరచి, దాని వేగమును లేజరు కాంతిచే నేరుగా కొలుచు సాధనమును చేర్చిరి. కొలతలను కూడుచు పోవునపుడు ఒక్కొక్కదానిలోని స్వల్పదోషము పేరుకొనును. నేరుగా కొలిచిన వేగము దానిని సరిదిద్దును. 2023 జూలై 14వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి చంద్రయాన్-3 బయలుదేరెను. ఆగస్టు 23వ తేదీ సాయంకాలము దాని నౌక 30 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగముతో దిగుట మొదలిడి, 150 మీటర్ల ఎత్తున కొంచెముసేపు నిలిచి, క్రింది నేలను పరీక్షించి, సుమారు 6 గంటల 4 నిమిషములకు చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగెను. నేలను తాకు క్షణమున దాని వేగము సెకనుకు 2 మీటర్లకు మించరాదని ఏర్పాటు. భూమిపై జానెడు ఎత్తునుండి జారవిడిచిన రాయి సుమారు ఆ వేగముతోనే నేలను తాకును.